పాటను గాటన కట్టే ముందు: కొన్ని తలకిందుల సలహాలు

శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊళ్లోనైనా పెళ్లి ఊరేగింపు కదిలిందంటే రెండు జట్లు తయారవుతాయి. ఒక జట్టు డీజే బండి ముందు చిందులేస్తుంది. ఇంకో జట్టు అరుగు మీద కూర్చుని "ఇది జానపదమేటి? పాటని పాడు చేసినారు" అని విసుక్కుంటుంది. కుర్రాళ్లు ఊరుకుంటారా? "ఇది ఫోక్ రీమిక్స్ తాతా, నీకు తెల్దు" అంటారు. లండన్‌లో డబ్‌స్టెప్ అనే డాన్స్ సంగీతం మీద ఏళ్ల తరబడి నడిచిన తగువు కూడా ఇదే. ఏది అసలైనది, ఏది కాదు, అంత బేస్ మోతలో మనసుకు చోటెక్కడ అని.

ఈ తగువు తీర్చడానికి పెద్దలు చెప్పే సలహాలు కొన్ని ఉన్నాయి. పేరుతో పనేముంది, పాట బాగుంటే చాలు. ముందు సాహిత్యం వినాలి. ప్రశాంతంగా వినాలి. కంటతడి పెట్టించిందే గొప్ప పాట. చెప్పుకోవడానికి బాగానే ఉంటాయి గానీ, ఉత్తరాంధ్ర పాట దగ్గరికొచ్చేసరికి ఒక్కటీ పనికిరాదు. అందుకే వాటిని తిరగేసి చెబుతున్నాను.

1. పేరు గురించి పోట్లాడండి

"పాట పాటే, పేరెందుకు" అనేవారికి పేరు వల్ల పోయేదేమీ లేదు. పోయేది కవికి. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టిన వంగపండు ప్రసాదరావు 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' రాశారు. శ్రీకాకుళ రైతాంగ పోరాటంలోకి రమ్మని పిలిచే పాట అది. 1986లో వచ్చిన ఆర్. నారాయణమూర్తి సినిమా 'అర్ధరాత్రి స్వతంత్రం'లో జనం దాన్ని విన్నారు. అలాంటి పాటకి 'జానపదం' అని చీటీ అంటిస్తే ఏమవుతుంది? ఎవరు రాశారో తెలియనిది, ఎవరైనా వాడుకోదగినది అనే అర్థం వచ్చేస్తుంది. కవి పేరు రాలిపోతుంది. దాని మీద 'మాస్ బీట్' అని ఇంకో చీటీ వేస్తే పోరాటం కూడా రాలిపోయి, పిల్లకీ పిల్లడికీ మధ్య సరసం ఒక్కటే మిగులుతుంది.

డబ్‌స్టెప్ వాళ్ల పోట్లాటలోనూ ఈ బాధే ఉంది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో దక్షిణ లండన్‌లో, ముఖ్యంగా క్రాయిడన్‌లో, అది రూపు కట్టింది. జమైకా నుంచి వలస వచ్చినవారు తెచ్చిన డబ్ సంగీతం, వాళ్ల భారీ సౌండ్ సిస్టమ్‌లు దానికి వేళ్లు. 2010 నుంచి స్క్రిలెక్స్ అనే కళాకారుడి పాటలతో అమెరికాలో అది పెద్ద వేదికల మోతగా మారినప్పుడు, పాత శ్రోతలు దాన్ని డబ్‌స్టెప్ అనడానికి ఒప్పుకోలేదు. 'బ్రోస్టెప్' అని వేరే పేరు పెట్టారు. దాన్ని చాలామంది చాదస్తం అన్నారు. నేననను. తమ పేట పేరు చెరిగిపోకూడదనుకోవడం చాదస్తం కాదు.

కాబట్టి పోట్లాడండి. అయితే "ఇది గొప్పదా, చవకబారుదా" అని కాదు, "ఇది ఎవరిది, ఏ ఊరిది" అని పోట్లాడండి.

2. మాటలు తర్వాత వినండి

మొదటిసారి విన్నప్పుడు మాటల్ని పట్టించుకోకండి. కింది స్వరం మీద చెవి పెట్టండి. జముకుల కథ చెప్పేవారి చేతుల్ని దగ్గరగా చూస్తే ఎందుకంటున్నానో తెలుస్తుంది. జముకు కుంచంలాంటి గుల్ల. ఒక వైపు చర్మం మూసి ఉంటుంది. చర్మం నడుమ కట్టిన తీగ గుల్లలోంచి బయటికొస్తుంది. వాయించేవాడు గుల్లని చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో తీగ కొసని లాగి పట్టుకుంటాడు, రెండో చేత్తో మీటుతాడు. తీగ బిగిస్తే స్వరం లేస్తుంది, సడలిస్తే జారుతుంది. ఎల్లమ్మ కథలో కష్టం రాబోతోందని కథకుడు నోరు విప్పక ముందే ఆ జారుడు చెప్పేస్తుంది.

డబ్‌స్టెప్‌లో 'వబుల్' అనే ఊగే బేస్ ఉంటుంది. కంప్యూటర్‌లో ఒక ఫిల్టర్‌ని తాళానికి తగ్గట్టు తెరుస్తూ, మూస్తూ ఆ ఊపు తెప్పిస్తారు. జముకులో ఊగేది శ్రుతి, వబుల్‌లో ఊగేది నాదం రంగు. పనితీరు వేరైనా, రెండు చోట్లా ముందు మాట్లాడేది కింది స్వరమే. దాన్ని 'మోత' అని తీసిపారేసేవారు సగం పాటే విన్నట్టు.

3. నిదానం పాటలో లోతు వెతక్కండి

నెమ్మదిగా సాగితే గంభీరం, వేగంగా కొడితే పైపై అన్న లెక్క మన దగ్గర చెల్లదు. తప్పెటగుళ్లు చూడండి. ఛాతీకి రేకు తప్పెట, కాళ్లకి గజ్జెలు కట్టుకుని, యాదవులు గంగమ్మని తలుచుకుంటూ చేసే ఆట అది. దరువు పెరిగే కొద్దీ భక్తి పలచబడదు, చిక్కబడుతుంది.

కలగలిపితే లోతు పోతుందన్న లెక్కా అంతే. విజయనగరం సంగీత కళాశాలకు 1919లో మొదటి ప్రిన్సిపాల్ అయిన ఆదిభట్ల నారాయణదాసు ఐదు తాళాలను ఒకేసారి నడిపిన మనిషి. కాలికి గజ్జె కట్టి పాడుతూ, ఆడుతూ, కథ చెబుతూ, నవ్విస్తూ ఆయన చేసిన హరికథని సంగీతం అనాలా, నాటకం అనాలా, పురాణం అనాలా? ఏ ఒక్క గాటనా కట్టలేం. అంతమాత్రాన అది పలచన అయిపోలేదు.

డబ్‌స్టెప్ వేగం నిమిషానికి దాదాపు 140 దెబ్బలు. గట్టి దెబ్బ మాత్రం సగం వేగంలో పడుతుంది. అందుకే అది ఉరుకుతున్నట్టూ ఉంటుంది, ఆగి ఆలోచిస్తున్నట్టూ ఉంటుంది. బరియల్ అనే కళాకారుడు 2007లో తెచ్చిన 'అన్‌ట్రూ' వింటే, తెగిపోయిన గొంతులు, గరగరల మధ్య అర్ధరాత్రి ఊళ్లో ఒంటరితనం వినిపిస్తుంది. దాన్ని డబ్‌స్టెప్ అనాలా వద్దా అన్న వాదన తెగకపోయినా, ఆ దిగులు దిగులే.

4. ప్రశాంతంగా వినకండి

ఇయర్‌ఫోన్లు తీసి జేబులో పెట్టుకోండి. కొన్ని పాటలు గుంపు కోసం పుట్టాయి. దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది. ఆ జనంలో నిలబడి డప్పు వినండి. ముందు పాదాలకి తెలుస్తుంది, తర్వాత పొట్టకి, ఆఖర్న చెవికి. పక్కవాడి భుజం మీ భుజాన్ని తోస్తుంటే పాట మీ ఒక్కరిదీ కాకుండా పోతుంది. డబ్‌స్టెప్‌నీ మొదట ఇలాగే, చీకటి హాలులో పెద్ద స్పీకర్ల ముందు నిలబడి ఒంటితో విన్నారు. ఫోన్ స్పీకర్లో విని "ఇందులో ఏముంది" అనడం అన్యాయం.

ఇందులో ఒక హద్దు తప్పనిసరి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఆసుపత్రి వీధిలో, పరీక్షల రోజుల్లో బాక్సులు ఆపేయండి. ఇంకొకరి నిద్ర పాడు చేసి సంపాదించే అనుభూతి మనకొద్దు.

5. కన్నీళ్లతో కొలవకండి

ఏడిపించిందే లోతైన పాట అనుకుంటే, మన ప్రాంతపు పాటల్లో సగం చెత్తబుట్టలో వేయాల్సిందే. కోపం లోతు కాదా? తెగింపు లోతు కాదా? గుడిలో పూజారిగా పనిచేసిన సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథతో రైతుల పోరాటాన్ని ఊళ్లకి వినిపించి, 1969లో పోలీసుల తుపాకీకి బలయ్యారు. ఆయన కథ విన్నవారిని కదిలించిందా లేదా అన్నది తడిసిన కళ్లని లెక్కపెట్టి తేల్చేది కాదు. పాట విన్నాక మనిషి ఏం చేశాడో చూడండి. లేచి నడిచాడా, పక్కవాడి చెయ్యి పట్టుకున్నాడా, మర్నాడు ఆ పాటే పనిలో పాడుకున్నాడా? కొలత అదీ.

6. రీమిక్స్ చేసేవాడిని తిట్టకండి, నిలదీయండి

పాత పాటకి కొత్త బేస్ వేయడం పాపం కాదు. 2020లో వచ్చిన 'పలాస 1978'లో రఘు కుంచె సంగీతంతో 'నాది నక్కిలీసు గొలుసు' మోగాకే, మన యాస పాట మన జిల్లాలు దాటి ఎందరి నోళ్లలోనో నానింది. మార్పు వల్ల పాట చావదు. ఎవరిదో చెప్పకపోవడం వల్ల చస్తుంది. అందుకని రీమిక్స్ చేసే కుర్రాడిని మూడే అడగండి: రాసిందెవరు, మొదట పాడిందెవరు, ఏ ఊరి పాట? జవాబులు పాట కిందే రాయమనండి. రాసినవారో, పాడినవారో బతికుంటే, వచ్చిన డబ్బులో వాళ్ల వాటా ఇవ్వమనండి. ఇవి మూడూ సరిగ్గా ఉంటే, దాన్ని ఫోక్ అనుకున్నా, డబ్‌స్టెప్ అనుకున్నా, డీజే పాట అనుకున్నా నాకు పేచీ లేదు.

వంగపండు 2020 ఆగస్టు 4న వెళ్లిపోయారు. ఆయన పాటలు ఊరేగింపుల్లో ఇంకా మోగుతూనే ఉంటాయి. ఈసారి మీ వీధిలోకి డీజే బండి వచ్చినప్పుడు, ఆపరేటర్ని పలకరించి "ఈ పాట ఎవరిది బావూ?" అని అడగండి. అతనికి తెలియకపోతే మీరు చెప్పండి. మీకూ తెలియకపోతే, అరుగు మీద విసుక్కుంటున్న ఆ తాత దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి.