మౌస్ చక్రం, మేనత్త మొకం

పెళ్లిళ్ల సీజన్ అయిపోయాక హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల ఏ ఆల్బమ్ డిజైనింగ్ షాపులోకైనా తొంగిచూడండి. ఒక కంప్యూటర్, ఒక మౌస్, వేల ఫొటోలు, వాటిని ఏరడానికి కుర్చీలు చాలక నిలబడ్డ రెండు కుటుంబాలు.

"మేనత్త మొకం జర పెద్దగ చెయ్యి బిడ్డా" అంటుంది పెళ్లికూతురు తల్లి. కుర్రాడు మౌస్ చక్రం తిప్పుతాడు. మేనత్త మాయమై, ప్లేటు పట్టుకుని పెరుగన్నం తింటున్న ఎవరో ఆసామి ప్రత్యక్షమవుతాడు. "సూశినవా, గీడ గూడ నన్ను పక్కకు జరిపిండ్రు" అని వెనక నుంచి మేనత్త గొంతు. అక్కడినుంచి మాట ఆడబిడ్డ కట్నాల మీదికి పోతుంది.

కుర్రాడి తప్పు ఇసుమంతైనా లేదు. అతని వేలు నేర్చుకున్నది విండోస్ 7 నాటి ఫొటో వ్యూయర్‌లో. అందులో చక్రం తిప్పితే బొమ్మ పెద్దదయ్యేది. ఇప్పుడు తెరిచింది ఇర్ఫాన్‌వ్యూ అనే ఇంకో వ్యూయర్. ఇందులో అదే చక్రం తర్వాతి ఫొటోకు పరుగెత్తిస్తుంది, పెద్దది కావాలంటే కంట్రోల్ మీట కూడా నొక్కాలి. దీన్ని ఇర్ఫాన్ అనే బోస్నియా యువకుడు 1996లో విడుదల చేశాడు. ఇంటి వాడకానికి ఉచితం. షాపుల సంగతి ఇప్పుడెందుకు లెండి. మైక్రోసాఫ్ట్ ఫొటోస్ యాప్ అయితే చక్రం బొమ్మను పెంచాలో, పక్క ఫొటోకు పోవాలో సెట్టింగ్స్‌లో మనల్నే ఎంచుకోమంది. పంచాయితీకి పిలిచిన పెద్దమనిషి "మీరూ మీరూ సూసుకోండ్రి" అని కండువా దులుపుకుని లేచిపోయినట్టు.

ఎస్కేప్ మీటదీ అదే కథ. ఒకదాంట్లో నొక్కితే పూర్తి తెర నుంచి మర్యాదగా బయటికొస్తాం. ఇంకోదాంట్లో సాఫ్ట్‌వేరే దుకాణం కట్టేస్తుంది.

వరస సంగతి ఇంకా ఘోరం. కెమెరా 9999 దాకా లెక్కపెట్టి మళ్లీ 0001తో మొదలుపెడుతుంది. ఆ సంఖ్య సరిగ్గా పుస్తె కట్టే వేళకు దాటిందనుకోండి, పేర్ల వరసే ప్రమాణమనే వ్యూయర్‌లో ముందు అప్పగింతలై, ఏడుపులై, తర్వాత తీరిగ్గా ఎదుర్కోళ్లు జరుగుతాయి. ఫోల్డర్‌లో మనం తేదీ ప్రకారం పేర్చిన వరసను మన్నించే వ్యూయర్‌లో మాత్రం పెళ్లి శాస్త్రోక్తంగానే ఉంటుంది. పంతులు ఒక్కడే, ముహూర్తం ఒక్కటే.

ఇక బొమ్మ నిలబడటం, పడుకోవడం సంగతి. కాకతీయులు ఓరుగల్లు కోటలో నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలబెట్టి, నాలుగూ ఒక్క తీరుగా చెక్కించారు. సెట్టింగ్స్ పెట్టాలని వాళ్లకు తోచలేదు పాపం. ఆ తోరణం ముందు కొత్త జంట ఫోన్ నిలువుగా పట్టి ఫొటో దిగితే ఏమవుతుందో చూడండి. చాలా కెమెరాలు బొమ్మను తిప్పవు. అడ్డంగానే దాచి, ఫైల్‌లో ఒక చీటీ పెడతాయి. చీటీలో 6 అని ఉంటే కుడికి 90 డిగ్రీలు తిప్పి చూపమని అర్థం. 1995 నాటి ఎగ్జిఫ్ ప్రమాణం ఇది. విండోస్ 7 వ్యూయర్‌కు ఆ చీటీ చదివే అలవాటు లేదు, విండోస్ 8 నుంచి చదవడం మొదలైంది. అంటే ఎనిమిది శతాబ్దాలు నిలబడ్డ తోరణం ఒక కంప్యూటర్‌లో నిలబడుతుంది, ఇంకోదాంట్లో పడుకుంటుంది. పడుకుంది కదా అని జాలిపడి ఎవరో తిప్పి సేవ్ చేస్తారు. ఆ సాఫ్ట్‌వేర్ చీటీని దిద్దకుండా వదిలేస్తే, చీటీ చదివే కంప్యూటర్ దాన్ని మళ్లీ తిప్పుతుంది. తోరణం ఈసారి అటు పక్కకు ఒరుగుతుంది.

"మా ఇంట్ల సూస్తే పండుకున్నది" అని ఫోన్‌లో పెళ్లికొడుకు తండ్రి. "మా కాడ మంచిగనే నిలవడ్డది సార్, మీ కంప్యూటర్‌లనే ఏదో ఉంది" అని కుర్రాడు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. మిగతా బిల్లు మాత్రం తోరణం లేచేదాకా ఆగింది.