ఒకే బోర్డు, ఇంటికో మనిషి

రావికమతంలో కాపురం చేస్తున్న ఒక గృహస్థుడు, షెల్ ఎలా నడుచుకోవాలో చెప్పే పాజిక్స్ ప్రమాణాలు రాసిన పెద్దలకు సవినయంగా చేసుకుంటున్న ఫిర్యాదు.

అయ్యా! అనకాపల్లి మార్కెట్‌లో బెల్లం అమ్మిన రసీదులను నెలవారీగా సర్దుకొమ్మని మా అబ్బాయి ఓ షెల్ స్క్రిప్టు రాసిచ్చి హైదరాబాదు చెక్కేశాడు. వాడి ల్యాప్‌టాప్‌లో అది బంగారం. మా ఇంటి కంప్యూటర్లో మాత్రం జంట చదరపు బ్రాకెట్లు చూడగానే ‘వీళ్ళెవరో నాకు తెలీదు’ పొమ్మంది. అల్లుడుగారి కంప్యూటర్లో బ్రాకెట్లు దాటింది గానీ, పేర్లతో వెతుక్కునే అర్రే దగ్గర అలిగి కూర్చుంది.

విచారించగా తేలిందేమంటే, స్క్రిప్టు మొదటి వరుసలో ‘స్లాష్ బిన్ స్లాష్ ఎస్‌హెచ్’ అని ఉంటుంది. గుమ్మం మీద బోర్డు అంతటా అదే, తలుపు తీసే మనిషే వేరు. 1979లో ఆ ఇంట్లో దిగినవాడు బోర్న్ షెల్. లినక్సులో ఆ వాటాకి బాష్ వచ్చాడు. 2006లో ఉబుంటు 6.10 వారు బాష్‌ను లేపి డాష్‌ను కూర్చోబెట్టారు, కంప్యూటర్ చురుగ్గా లేస్తుందని. మా ఇంట్లో బ్రాకెట్లు తెలీదన్నవాడు ఇతడే. అల్లుడుగారి మ్యాక్‌లో బాష్ ఉన్నాడు గానీ 3.2 దగ్గరే ఆగిపోయాడు. పేర్ల అర్రేలు వచ్చింది 2009 నాటి 4.0లో. పైగా 2019 నుంచి అక్కడ టెర్మినల్ తెరిస్తే పలికేది జెడ్‌షెల్. ఆయనకు అర్రే లెక్క ఒకటితో మొదలు, బాష్‌కు సున్నాతో. బెల్లం దిమ్మలను సున్నా నుంచి లెక్కపెట్టేవాణ్ణి మా మండలంలో నేనింతవరకూ చూడలేదు.

ఇక తెరమీద అచ్చేసే ఎకో ఆదేశానికి ‘మైనస్ ఈ’ తగిలిస్తే బాష్ అర్థం చేసుకుంటాడు. డాష్ ఆ ‘మైనస్ ఈ’ని కూడా తెరమీద అచ్చేస్తాడు. తిడదామని 2024కు ముందటి మీ చట్టం తిరగేస్తే న్యాయం డాష్‌దే! ఎకోకు ఆప్షన్లు లేవని మీరే రాశారు. వెనక్కి వాలిన గీత వస్తే ఏం చేయాలో మాత్రం ఎవరి ఇష్టం వారిదన్నారు. 1992లో షెల్‌కు చట్టం చేసినవారు ఆ ఒక్క వాక్యమూ తెగ్గొట్టలేకపోయారా? పాత ఇళ్ళ అలవాట్లు రెండు రకాలట, ఎవరినీ నొప్పించలేకపోయారట. పెద్దమనుషుల తగువు తీర్పంటే ఇదేనన్నమాట!

‘‘మావయ్యా, బోర్డు మీద బాష్ పేరే రాసేయండి’’ అన్నారు అల్లుడుగారు. అదీ అంతటా చెల్లదు, ఫ్రీబీఎస్‌డీలో బాష్ కాపురం వేరే వీధిలోనట.

అబ్బాయికి ఫోన్ చేశాను. ‘‘ఇంత గొడవెందుకు నాన్నా, పైథాన్‌లో రాసిస్తాను’’ అన్నాడు.

రెండో పైథానా, మూడో పైథానా అని అడిగాను. సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాడు.