శీతసంజీవని

మూలం:
"మామా, బండ్ల ఫ్రిజ్జు సల్లగైతలేదు. సప్పుడు గూడ లేదు. మంటైతే మండుతున్నది. బండి జర ఒంగినట్టున్నది. ఏం జెయ్యాలె? లోపట పెరుగు, కోడికూర ఉన్నయి."

అవతారిక. మర్రిగూడ పేరు పేపర్లో పడితే ఫ్లోరైడు గురించే పడుతుంది. అటువంటి ఊరికి అమెరికా నుంచి ఒక శాస్త్రసందేహం వాట్సాప్ ద్వారా దిగివచ్చింది. సందేశకర్త మా మేనల్లుడు. ఫీనిక్సులో మోటారుహోము అద్దెకు తీసుకొని, పెళ్లాంపిల్లలతో గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకు ఎక్కి, మేథర్ క్యాంపుగ్రౌండులో బండి నిలిపి, ఈ వాక్యాలు పలికాడు. ఇందులో రసం కరుణం, ఆలంబనం కోడికూర.

వ్యాఖ్యాతలలో చక్రవర్తి కోలాచల మల్లినాథసూరి మన మెతుకుసీమ కొల్చారం వాడే. కాళిదాస కావ్యాలకు ఆయన వ్యాఖ్య పేరు సంజీవని. ప్రాణం పోయిందో లేదో తెలియని ఫ్రిజ్జుకు రాస్తున్నాను గనుక ఆ పేరు అరువు తెచ్చుకున్నాను. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. ఆ రెండో సగం నా వల్ల కాదు.

'మామా' అనునది సంబోధన. శంక: బండి అద్దెకిచ్చినవాణ్ని అడగక మామను అడగనేల? సమాధానం: అక్కడ మనిషి గొంతు వినబడేలోపు నాలుగు పాటలు వినాలి. మామ మొదటి రింగుకే ఎత్తుతాడు.

'బండ్ల ఫ్రిజ్జు' అనగా బండిలోని ఫ్రిజ్జు. ఇంట్లోది కాదని భావం, శాస్త్రమంతా ఈ తేడాలోనే ఉంది. మర్రిగూడ అడ్డా మీది మెకానిక్‌కు సందేశం వినిపించగానే "కంప్రెసర్ వోయింది, గ్యాసు కొట్టాలె" అన్నాడు. ఇది పూర్వపక్షం. ఖండనం: ఈ ఫ్రిజ్జుకు కంప్రెసరే లేదు, లేనిది పోవడం అసంభవం. బయట గ్యాసు కొట్టే వీలూ లేదు. గొట్టాలన్నీ ఫ్యాక్టరీలోనే అతికి మూసేస్తారు. లోపల ఉండేవి అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్. తిరిగే చక్రం గాని, కదిలే పిస్టన్ గాని లేవు.

మరి చల్లదనం ఎక్కడిది? మంట నుంచి. అమ్మోనియా కలిసిన నీటిని కింద వేడిచేస్తారు. ఎసరు పొంగినట్టు బుడగలు లేచి, సన్నని గొట్టంలో నీటిని తమతో పైకి మోసుకుపోతాయి. అక్కడ అమ్మోనియా ఆవిరి విడిపోయి, బండి వెనక రెక్కల గొట్టాల్లో గాలి తగిలి ద్రవమవుతుంది. ఆ ద్రవం ఫ్రిజ్జు లోపలి గొట్టంలోకి జారేసరికి అక్కడ హైడ్రోజన్ కాచుకొని ఉంటుంది. మొత్తం పీడనంలో ఎక్కువ వాటా హైడ్రోజన్‌దే కావడంతో అమ్మోనియా వాటా పడిపోతుంది. వాటా పడిపోయిన అమ్మోనియా చలిలోనే ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని, కోడికూర వేడితో సహా, పీల్చుకుంటుంది. తర్వాత కిందికి దిగి మళ్లీ నీటిలో కలుస్తుంది. నీటికి అక్కరలేని హైడ్రోజన్ వెనక్కి మళ్లుతుంది.

గురుపరంపర కూడా చెప్పాలి. అమ్మోనియా, నీళ్లతో 1859లో ఫ్రాన్సు దేశపు ఫెర్డినాండ్ కారే మార్గం వేశాడు. 1922లో స్టాక్‌హోమ్‌లో చదువుకుంటున్న బాల్ట్సర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మున్టెర్స్ అనే ఇద్దరు కుర్రాళ్లు హైడ్రోజన్ చేర్చి పంపు అవసరం తప్పించారు. దాన్ని 1925లో ఎలక్ట్రోలక్స్ కంపెనీ చేపట్టింది. ఐన్‌స్టైన్, సిలార్డ్‌లకు 1930లో అమెరికా పేటెంటు వచ్చిన ఫ్రిజ్జు వేరే శాఖ. అది అంగడికి రాలేదు గనుక మన మేనల్లుడికి పనికిరాదు.

'సప్పుడు గూడ లేదు'. దోషమని చెప్పినది నిజానికి గుణం. పెద్ద హోటళ్లలో మంచం పక్కనుండే చిన్న ఫ్రిజ్జు రాత్రి గుర్రుపెట్టకపోవడానికి చాలాచోట్ల ఇదే విద్య కారణం. భయపడవలసింది చప్పుడు వచ్చినప్పుడే. అడుగు కాలుతూ, లోపల గుడగుడ ఆగకుండా ఉండి, చల్లదనం మాత్రం రాకపోతే హైడ్రోజన్ జారిపోయిందని అనుమానించాలి.

'మంటైతే మండుతున్నది'. ఏ రంగులో? మూలకర్త చెప్పలేదు, ఇది న్యూనపదత్వ దోషం. నీలంగా నిలకడగా ఉంటే మంచిది. పసుపుగా ఊగుతుంటే గాలి చాలడం లేదు, పొగగొట్టంలో మసి పడుతుంది. గొట్టంలోంచి రాలిన తుప్పు బర్నరు మీద పడినా ఇంతే. గ్యాసు వచ్చే బెజ్జం వెంట్రుకంత సన్నం. కిరసనాయిలు స్టవ్వు పిన్ను వాడిన మన చేతులు ఊరుకోవు గాని, దాన్ని పొడవరాదు. బెజ్జం పెద్దదైతే మంట చెడుతుంది. విప్పి స్పిరిట్‌లో నానబెట్టి ఊదాలి, అదీ గ్యాసు కట్టేశాక. ఇంకొక సంగతి: ఆ అంచు దాదాపు 7,000 అడుగుల ఎత్తు. 5,500 అడుగులు దాటితే గ్యాసు మీద చల్లదనం తగ్గవచ్చు, మంట ఆరిపోవచ్చు, మంట బదులు కరెంటు వేడికి మార్చుకోండని తయారీదారుల పుస్తకాలే చెబుతాయి. మేథర్‌లో బండికి కరెంటు తగిలించే వసతి లేదు. పక్కనే ట్రైలర్ విలేజ్‌లో ఉంది.

'బండి జర ఒంగినట్టున్నది'. సందేశానికి జీవగర్ర ఈ వాక్యం. మిగతా లక్షణాలన్నీ చెప్పి చివర్లో దీన్ని 'జర'తో సరిపెట్టాడు. లోపలి ద్రవాలు తమ బరువుతోనే కిందికి జారాలి, వేరే దిక్కు లేదు. పక్కలకు 3 డిగ్రీలు, ముందువెనకలకు 6 డిగ్రీలు దాటకూడదని ఒక పుస్తకం లెక్క. నడుస్తున్న బండి ఊగినా బాధ లేదు, ఏ వంపూ నిలవదు. నిలిచిన బండి ఒంగితే ద్రవం ఒకచోట ఆగి, అడుగున నీళ్లు తగ్గి, మంట వట్టి గొట్టాన్ని కాలుస్తుంది. తుప్పు పట్టకుండా కలిపిన సోడియం క్రోమేటు గడ్డకట్టి ఆ సన్నని గొట్టం మూసుకుపోతుంది. ఆపైన ఎంత చదును చేసినా ఫలం లేదు. కావున తాపీమేస్త్రి రసమట్టం ఫ్రిజ్జు లోపలి అడుగున పెట్టి, చక్రాల కింద చెక్కలు వేసుకోవాలి.

'ఏం జెయ్యాలె?' చదును చేసి, ట్రైలర్ విలేజ్‌లో చోటు దొరికితే అక్కడికి మారి, ఫ్రిజ్జును కరెంటు మీద పెట్టి, గ్లాసు నీళ్లలో థర్మామీటరు ఉంచి తెల్లవారేదాకా తలుపు తెరవకుండా ఉండాలి. పిల్లలున్న బండిలో ఇదే కఠినమైన వ్రతం. కరెంటు మీద చల్లబడితే తప్పు మంటది. రెండింటి మీదా అడుగు కాలి పైన చల్లబడకపోతే ప్రాణం పోయినట్టే. వెనక పసుపుపొడి కనిపించినా, అమ్మోనియా ఘాటు వచ్చినా వెంటనే ఆపి, కిటికీలు తెరిచి, అందరూ దిగాలి. హైడ్రోజన్‌కు మండే గుణం ఉంది, వెల్డింగు జోలికి పోరాదు.

బోర్లింత మతస్థులు కొందరున్నారు. ఫ్రిజ్జును విప్పి ఒకరోజు తలకిందులుగా పెడితే గడ్డలు కరిగి బాగవుతుందంటారు. పాతవాటిలో ఒక్కోసారి ఫలించిన మాట నిజమే. అద్దెబండిలో మాత్రం నిషిద్ధం. శాశ్వత చికిత్స ఆ గొట్టాల సెట్టు మొత్తం మార్చడమే. అమెరికాలో వాటిని కొత్తగా చేసి అమ్మేవారిలో, ఊరి కరెంటు ఇంట్లోకి రానివ్వని ఆమిష్ కుటుంబాలూ ఉన్నాయి.

'లోపట పెరుగు, కోడికూర ఉన్నయి'. ఇచట ధ్వని ఉంది: కూర వేడివేడిగానే లోపల పెట్టారు. ఈ జాతి ఫ్రిజ్జు ఖాళీగా చల్లబడటానికే పూట పైన పడుతుంది. ముందురోజే వెలిగించి, చల్లారినవే సర్దాలి. పెరుగు పులుస్తుంది, పులుసులోకి పోతుంది. వండిన మాంసం 4 డిగ్రీల సెల్సియస్ పైన 2 గంటలు దాటి ఉంటే పారేయాలి. దీనికి పాఠాంతరం లేదు. మా చెల్లె ఫోను లాక్కొని "ఇంకోసారి ఉడికిస్తే సరి" అన్నది. అది ప్రక్షిప్తం, మేనల్లుడు గ్రహించరాదు.