ఏడు వేల ట్యాబు

మా ఆవిడకు నేను చెప్పిన అబద్ధాల్లో చాలావాటికి గడువు తీరిపోయింది. ఒక్కటి మాత్రం ఇంకా నా చేత ప్రీమియం కట్టించుకుంటోంది. పోయినేడు ఆన్‌లైన్లో తెప్పించిన చిన్న ఆండ్రాయిడ్ ట్యాబు ఏడు వేలని చెప్పాను. అసలు ధర పదమూడు వేలకు ఒక రూపాయి తక్కువ.

నేను మహదేవపూర్‌లో బీమా ఏజెంటును. ఎదుటివాడికి లేని అవసరాన్ని పుట్టించి, దానికి నెలవారీ వాయిదా కట్టించడం నా బతుకుతెరువు. అంతటివాణ్ని ఇంట్లో ఒక పలకంత వస్తువు కొనుక్కోవడానికి కారణాలు వెతుక్కోలేనా? భోజనాల దగ్గర మొదలుపెట్టి చేతులు కడుక్కునేలోపు ముగించాను. నేను చెప్పిన కారణాలన్నీ నిజాలే. అబద్ధమాడే ముందు పది నిజాలు చెప్పాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం.

ఎనిమిది అంగుళాల ట్యాబు బరువు మూడు వందల యాభై గ్రాముల చుట్టూ ఉంటుంది. ఒక చేత్తో పట్టుకోవచ్చు, స్కూటరు డిక్కీలో వాన కోటు పక్కన ఇముడుతుంది. పది అంగుళాలదైతే రెండు చేతులూ కావాలి, లేదా ఒళ్లో బజ్జోబెట్టుకోవాలి. ఫోన్లు కూడా పెద్దవయ్యాయి కదా అంటారు. అయ్యాయి, కానీ పొడుగయ్యాయి, వెడల్పు కాలేదు. ఆరున్నర అంగుళాల ఫోను అంటే గట్టిగా చూస్తే మూడంగుళాలైనా వెడల్పు లేని గల్లీ. అందులో నా ప్రీమియం పట్టిక తెరిస్తే ఎడమవైపు వయసు కనిపిస్తుంది, కుడివైపు డబ్బు కనిపించదు. ఖాతాదారుకు మాత్రం ఆ కుడివైపే కావాలి. చిన్న ట్యాబును నిలువుగా పట్టుకుంటే రెండూ ఒకేసారి కనిపిస్తాయి.

చదువుకోవడానికీ ఇదే వాటం. పాత తెలుగు నవలల స్కాన్లు ఇంటర్నెట్టులో బోలెడున్నాయి. డెమ్మీ సైజు పేజీ ఈ తెరమీద కొంచెం చిక్కి కనిపిస్తుందేగానీ, వేళ్లతో సాగదీయకుండానే చదివేయొచ్చు. ఈ మాటకు మా ఆవిడ ఒక్కసారి తలెత్తి చూసింది. నేను ఆఖరుసారి నవల చదివింది మా పెళ్లికి ముందు.

ఈ సైజుకు చరిత్ర కూడా ఉందని చెప్పాను. 2010లో ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ ఏడంగుళాల ట్యాబులు పుట్టకముందే చచ్చినట్టని, వాటితోపాటు వేళ్లు అరగదీసుకోవడానికి గరుకు కాగితం కూడా ఇవ్వాలని ఎకసెక్కమాడాడు. 2012లో గూగుల్, ఏసుస్ కలిసి తెచ్చిన ఏడంగుళాల నెక్సస్ 7 అమెరికాలో 199 డాలర్లకే వచ్చి జనాన్ని ఎగబడేలా చేసింది. అదే ఏడాది చివర ఆపిల్ వాళ్లే చిన్న ఐప్యాడ్ తెచ్చారు. "అంతటి వాళ్లే మాట మార్చుకున్నారు తెలుసా?" అన్నాను. నేనూ మాట మార్చబోతున్నానని అప్పటికి నాకే తెలియదు.

డబ్బా వచ్చింది. మా ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఎంతవడ్డది?"

"ఏడు."

చూశారా, వేలని కూడా అనలేదు. ఆ అంకె నోట్లోంచి దానంతటదే జారింది. ఆమె ట్యాబును అటూ ఇటూ తిప్పి చూసి, "ఏడు వేలకే గింత మంచిదా!" అని మంథనికి ఫోను కలిపింది. వాళ్ల పెద్దన్న బిడ్డ డిగ్రీలో చేరిందట. ఆ పిల్లకొకటి. ఆ మాట చెవినపడి కాటారంలో ఉన్న చిన్నన్న తన కొడుక్కొకటి కావాలన్నాడు. సాయంత్రానికి పద్నాలుగు వేలు ఆమె ఫోన్‌పేలో పడ్డాయి. "బావ తెప్పిస్తే ఇగ దేఖాల్సిన పనే లేదు" అన్నాడట చిన్నోడు. ఇరవయ్యేళ్లలో ఆ ఇంటినుంచి నాకు దక్కిన మొదటి పొగడ్త. దాని ఖరీదు పన్నెండు వేలు, రెండు చిన్న పాలసీల కమిషను.

ఆ రెండూ తెప్పించి ఇచ్చాక, మూడో ఆర్డరు రాకముందే మేలుకున్నాను. ఏ నోటితో పొగిడానో ఆ నోటితోనే తిట్టడం మొదలుపెట్టాను. ట్యాబు లోపాలు నాకంటే బాగా చెప్పగలవాడు ఈ జిల్లాలో లేడు, ఎందుకంటే ఒక్కో లోపానికి నాకు ఆరు వేలు మిగులుతుంది.

మొదట కొలత మీద పడ్డాను. తెరను మూల నుంచి మూలకు కొలుస్తారు. పదికీ ఎనిమిదికీ రెండంగుళాలే తేడా అనిపిస్తుంది. కానీ ఆకారం ఒకటే అయితే విస్తీర్ణంలో మూడో వంతుకు పైగా ఎగిరిపోయినట్టే: నూటికి అరవై నాలుగే మిగులుతుంది. పొలం కొనేటప్పుడు ఏ రైతైనా మూలగట్టు నుంచి మూలగట్టుకు తాడు పట్టి ధర కడతాడా? మా ఆవిడ విని, "మరి మాకు చెప్పిననాడు ఎకరాల లెక్క ఎటువోయింది?" అంది.

తర్వాత సినిమాల మీద పడ్డాను. చౌక ట్యాబుల్లో చాలావాటికి వీడియో దొంగతనాన్ని ఆపే తాళం పైస్థాయిది ఉండదు. అందుకని తెర ఎంత నాణ్యమైనదైనా కొన్ని సినిమా యాప్‌లు మసక బొమ్మనే పంపుతాయి. హీరో మొహం మీద గడ్డమో, నీడో తేలదు. ఆమె దీనికి చలించలేదు. ఆమె చూసేది యూట్యూబ్, అక్కడ ఆ గొడవ లేదు.

కెమెరా అయితే నాకు అచ్చొచ్చిందనుకున్నాను. మా ఊరు దసలి పట్టుకు పేరుపొందింది. ఆమె చుట్టాల కోసం మగ్గం ఇంట్లో ఒక చీర చూసి, ట్యాబుతోనే ఫొటో తీసి పంపింది. రంగు వెయ్యని దసలికి తేనెలాంటి ఒక మెరుపుంటుంది, దారం తిరిగిన చోటల్లా మారుతుంది. ట్యాబు కెమెరాలో అది బెల్లం పాకం మాడినట్టు వచ్చింది. అవతలినుంచి "గిది గోనెపట్టానా?" అని జవాబు. నేను సంబరపడి, "చిన్న ట్యాబుల్లో వెనక కెమెరా పేరుకే ఉంటుంది, ఫ్లాష్ కూడా ఉండదు" అన్నాను. ఆమె తన ఫోనుతో ఇంకో ఫొటో తీసి పంపి, చీర అమ్మించి, మగ్గం వాళ్ల దగ్గర మంచి పేరు తెచ్చుకుంది. ట్యాబు పేరు చెడలేదు.

ఎండ మాత్రం నా పక్షాన నిలబడింది. 2025 మే 15 నుంచి 26 దాకా కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు. మాకు కూతవేటు దూరం. గోదావరి, ప్రాణహిత కలిసేచోట, అంతర్వాహినిగా సరస్వతి ఉందంటారు కనుక ముగ్గురమ్మలనూ ఒకే ఫొటోలో బంధిద్దామని ట్యాబు ఎత్తాను. వెనకనుంచి ఒకాయన, "సారూ, జర తలుపు దించుండ్రి, నది కనవడ్తలేదు" అన్నాడు. ఎండకు తెరమీద నాకు కనిపించింది నది కాదు, నా మొహమే. అది కూడా కాసేపే. ట్యాబులకు తయారీదారులు సాధారణంగా సున్నా నుంచి ముప్పై అయిదు డిగ్రీల దాకా వాడొచ్చని రాస్తారు. ముప్పై అయిదు! మా దగ్గర మే నెలలో నులక మంచమే అంతకంటే వేడిగా ఉంటుంది. వేడెక్కిందని ఒక నోటీసు పెట్టి, ఆరిపోయింది. దాన్ని తడిగుడ్డలో చుట్టి మండపం నీడలో పడుకోబెట్టి, పక్కన కూర్చుని విసిరాను. మా ఆవిడ స్నానం చేసొచ్చి, "నాకు జరమొచ్చిననాడు గిట్ల ఇసిరినవా?" అంది.

వృత్తిలోనైనా పనికొచ్చిందా అంటే, నేను కొన్నది సిమ్ము లేని రకం. పల్లెల్లో దానికి నా ఫోను నెట్టు అరువివ్వాలి. సిగ్నలు ఉన్నచోట ఫోను ఒకటే చాలు, లేనిచోట రెండూ పలకలే. ఒకసారి అంబట్‌పల్లిలో ఒక పెద్దాయనకు అరుగుమీద కూర్చుని రంగురంగుల పట్టికలు చూపించాను. ఇరవయ్యేళ్ల తర్వాత వచ్చే మొత్తం దగ్గర వేలుపెట్టి పెద్దది చేశాను. ఆయన బీడీ ఆర్పి, "తెరమీద అన్నీ మంచిగనే కనవడ్తయ్ సారూ" అని మేడిగడ్డ వైపు తల తిప్పాడు. 2016 మార్చి 31న అసెంబ్లీలో పెద్ద తెర పెట్టి సాగునీటి ప్రాజెక్టుల పథకం చూపించారు, 2019 జూన్ 21న మేడిగడ్డ దగ్గర బ్యారేజీ ప్రారంభమైంది, 2023 అక్టోబరు 21న దాని పిల్లర్లు కుంగాయి. నా పాలసీ గడువు ఇరవయ్యేళ్లు. ఆ రోజు ట్యాబు మూసి చాయ్ తాగి వచ్చేశాను.

ఇంట్లో దాని అసలు కొలువు వంటింట్లో. జొన్నరొట్టెలు చేస్తూ మా ఆవిడ పాటలు వింటుంది. ఇప్పటి తెరలు చర్మం తాకితేనే పలుకుతాయి. పిండి చేతులకు పలకవు, తడి చేతులకు పిచ్చెక్కినట్టు పలుకుతాయి. ఇక్కడ ఆకాశ్ ట్యాబు గుర్తొస్తుంది నాకు. 2011 అక్టోబరు 5న కేంద్రం విద్యార్థుల కోసమని విడుదల చేసిన ఏడంగుళాల చౌక ట్యాబు. బిగింపు మన హైదరాబాద్‌లోనే జరిగింది. ప్రాసెసరు నత్తనడక, తెర నొక్కితేగాని కదలని పాతరకం, దేశమంతా నవ్వింది. కానీ ఆ రకం తెరకు గోరైనా సరే, చీపురుపుల్లయినా సరే. జొన్నపిండి చేతుల ఇంటికి అదే సరైన తెర అని ఇప్పటికీ నా అభిప్రాయం. మా ఆవిడ దీనికీ ఉపాయం కనిపెట్టింది. మణికట్టు దాకా పిండి ఉన్నా మోచేయి శుభ్రంగానే ఉంటుంది. రొట్టె తడుతూనే మోచేత్తో పాట మారుస్తుంది, శబ్దం తగ్గిస్తుంది, పైకీ కిందకూ జరుపుతుంది. ఆ నేర్పు నా పది వేళ్లకు లేదు.

ఇలా అందరూ వాడతారని ఆండ్రాయిడ్ వాళ్లు 2012 లోనే, ఫోన్లకంటే ముందు ట్యాబులకు, ఇంట్లో ఎవరి ఖాతా వాళ్లకు విడిగా పెట్టుకునే వీలు ఇచ్చారు. నాకు తెలుసు. పెట్టలేదు. నాకేం రహస్యాలున్నాయని?

మొన్న గోదావరిఖని నుంచి ఆమె చెల్లెలి ఫోను. అదే మాట, అదే ఏడు వేలు. నేను వంటింటి గడపలో నిలబడి ఎండ, మసక సినిమా, కెమెరా, మూలల కొలత, అన్నీ ఒక్క గుక్కలో చెప్పాను. కొన్నాళ్లకు కొత్త ఆండ్రాయిడ్ రావడం ఆగిపోతుందని, చార్జింగుకు మూడు గంటలు పడుతుందని కొత్తవి కూడా కలిపాను. ఆమె రొట్టె పెనం మీద వేసి, పాట ఆపి, మోచేత్తో తెర మీద ఏదో తెరిచి నావైపు తిప్పింది. మేం సామాన్లు తెప్పించుకునే యాప్. మీ ఆర్డర్లు. ట్యాబు బొమ్మ, పక్కన పన్నెండు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. దానికింద మళ్లీ అదే బొమ్మ రెండుసార్లు, అదే అంకె.

"గిది చెప్పకపోతివి లోపాలల్ల," అంది.

"ఎప్పుడు చూసినవ్?"

"అచ్చిన నాడే. డబ్బా మూత కొందామని తెరిస్తే మొదట గదే కనవడ్డది."

అంటే మంథనికి ఫోను కలిపేటప్పటికే తెలుసు. నా గొంతు కొంచెం తగ్గింది. "మీ అన్నలకు తెలుసా?"

"ఆళ్లకెందుకు చెప్త? నీ ఇజ్జత్ పోదా?" రొట్టె తిప్పింది. "చెల్లె పైసలు పంపింది. నీలం రంగుది గావాల్నట."