మా జిల్లాలో ఒక్కరూ లేరండీ

వెట్టి కూలీల లెక్క తీయడంలో మన జిల్లా యంత్రాంగాలకు అసాధారణ ప్రతిభ ఉంది. వెతక్కుండానే లేరని చెప్పగలవు. పైనుంచి లేఖ వస్తుంది: మీ జిల్లాలో వెట్టిచాకిరీలో మగ్గుతున్నవాళ్లు, మనుషుల అక్రమ రవాణాకు బలైనవాళ్లు ఎందరు? కలెక్టరేట్ నుంచి ఆర్డీవోకి, ఆర్డీవో నుంచి తహసీల్దారుకి, అక్కణ్నుంచి ఆర్‌ఐకి మెమో మెట్లు దిగుతుంది. ఆ మెట్ల మీదుగానే ‘నిల్’ రిపోర్టు పైకెక్కుతుంది. దిగడానికి పట్టిన టైము కూడా ఎక్కడానికి పట్టదు. మధ్యలో ఎవరూ ఎండలోకి వెళ్లరు కాబట్టి జీపు డీజిలు కూడా ఆదా.

నిజానికి ఈ బాధితులు దొంగచాటుగా వచ్చేవాళ్లేం కాదు. పశ్చిమ ఒడిశాలో నువాఖాయి పండుగ వెళ్లగానే బలంగీర్, నువాపడ జిల్లాల పల్లెల్లో కూలీల దళారులైన సర్దార్లు అడ్వాన్సులు పంచుతారు. ఆస్పత్రి ఖర్చో, పెళ్లి అప్పో మీద పడ్డ ఇంట్లో ఆ నోట్లను కాదనేవాళ్లు ఉండరు. ఇక కాంటాబంజీ స్టేషన్లో మూటాముల్లెతో కుటుంబాలకు కుటుంబాలు రైలెక్కుతాయి. వానలు పడేదాకా తెలంగాణ ఇటుక బట్టీలే వాళ్ల ఊళ్లు. అక్కడ లెక్క మనిషికి కాదు, ‘పథూరియా’కు. మొగుడూ పెళ్లామూ ఓ పిల్లాడూ కలిస్తే ఒక పథూరియా. అడ్వాన్సు ఆ జట్టు మీద ఉంటుంది, కూలీ వెయ్యి ఇటుకలకు ఇంతని.

జట్టులో పిల్లాడెందుకంటారా? పచ్చి ఇటుకల మీద పెద్దవాళ్లు కాలు పెడితే అణిగిపోతాయి. ఎనిమిదేళ్లవాడి బరువుకు ఏమీ కావు. అందుకని వాడు వరసల మధ్య గొంతుక్కూర్చుని, రెండో వైపు ఆరేలా ఒక్కో ఇటుకనూ తిప్పుకుంటూ పోతాడు. వరస అయిపోతే ఇంకో వరస. హైవే మీద వెళ్లే బస్సు కిటికీలోంచి చూసినా వాడు కనిపిస్తాడు. ఆర్‌ఐగారి బండి మీంచి మాత్రం కనిపించడు.

ఈ వలస కొత్తదీ కాదు. ఒడిశా ప్రభుత్వం 1975లోనే దీని కోసం దాదన్ (వలస) కార్మికుల చట్టం తెచ్చుకుంది. 1979లో కేంద్రం అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసింది. 2012లో ఒడిశా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ బట్టీ కూలీల కోసమే ఒప్పందం రాసుకున్నాయి. కాగితాలకైతే ఏ లోటూ లేదు.

పోనీ, ఎవరో ఫిర్యాదు చేశారనుకుందాం. విచారణకు అధికారి వస్తాడు. యజమాని కుర్చీ వేయించి కూల్‌డ్రింకు తెప్పిస్తాడు. కూలీకి తెలుగు రాదు, అధికారికి ఒడియా రాదు, కాబట్టి దుబాసీగా సర్దారే నిలబడతాడు. అడ్వాన్సు ఇచ్చి తోలుకొచ్చింది ఆయనే కదా, ఆయనకంటే బాగా తెలిసినవాడెవడు? ‘ఏమన్నా ఇబ్బందా?’ అని అధికారి ఆరా తీస్తాడు. కూలీ చేతులు తిప్పుతూ రెండు నిమిషాలు చెబుతాడు. సర్దారు రెండు ముక్కల్లో తేల్చేస్తాడు: ‘బానే ఉందంటున్నాడు సార్.’

ఆ తర్వాత నిర్ధారణ. కాళ్లకు గొలుసుల్లేవు. గేటుకు తాళం లేదు. తనంతట తనే వచ్చాడు. అన్నింటికీ మించి అడ్వాన్సు తీసుకున్నాడు, కాబట్టి వెట్టి కాదు! ఈ చివరి ముక్క దగ్గర కాసేపు ఆగాలి. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కళ్లెదుటే ఉంది. అప్పు కింద మనిషిని పనికి కట్టేయడాన్నే అది వెట్టి అంటుంది. అంటే నేరానికి రుజువైనదే మనవాళ్లకు నేరం లేదనడానికి రుజువైంది. అది వెట్టి బాకీ కాదని నిరూపించాల్సింది అప్పిచ్చినవాడే అని ఆ చట్టంలోని 15వ సెక్షను చెబుతుంది. కానీ ఆ భారాన్ని మన ఆఫీసులు కూలీ నెత్తికెత్తాయి. ఇటుకలు మోసే తలే కదా, ఇదీ మోస్తుందనుకున్నారేమో.

1982లో ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో జస్టిస్ భగవతి, కనీస వేతనం కంటే తక్కువకు చేయించే పని రాజ్యాంగంలోని 23వ అధికరణం కింద నిర్బంధ చాకిరీయేనని తేల్చారు. ఆకలి, పేదరికం పెట్టే బలవంతం కూడా బలవంతమేనన్నారు. 1983లో బంధువా ముక్తి మోర్చా కేసులో, నిర్బంధ చాకిరీ కనిపిస్తే చాలు, దాని వెనక అడ్వాన్సు ఉందనే అనుకోవాలన్నారు. ఇక మనుషుల అక్రమ రవాణా నేరంలో బాధితుడి సమ్మతికి విలువ లేదని పాత ఐపీసీ 370లోనూ ఉంది, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 143లోనూ ఉంది. అయినా ‘ఇష్టపడే వచ్చాడు’ అన్న వాక్యం ఫైళ్లలో చెక్కుచెదరలేదు.

పోలీసులు దాడులు చేసిన సందర్భాలు లేవని కాదు. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి రెండు వందల మందికి పైగా పిల్లల్ని బయటికి తెచ్చారు, ఎక్కువమంది బీహార్ పిల్లలే. 2017 జనవరిలో రాచకొండ పోలీసులు యాదాద్రి జిల్లా ఇటుక బట్టీలో దాదాపు రెండు వందల మందిని గుర్తించారు. మెచ్చుకోవాల్సిందే. చిక్కల్లా క్యాలెండరుతోనే. పిల్లల్ని విడిపించడానికి జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్. జులైలో వానలకు బట్టీలు ఆరిపోయి ఉంటాయి, కూలీలు ఊరెళ్లి ఉంటారు. ఫిబ్రవరి నుంచి వానలదాకా బట్టీ మండుతున్నంత కాలం మాత్రం చిరునవ్వుకు సెలవు. ఇంకో విడ్డూరం, దొరికిన పిల్లాడు ఫైల్లో ‘బాల కార్మికుడు’ అవుతాడు. ఒకే అడ్వాన్సు కింద వాడి పక్కనే ఇటుకలు కోసే అమ్మానాన్నలు ‘వలస కూలీలు’గానే మిగిలిపోతారు.

ఇంత మొహమాటం ఎందుకంటే, బాధితుడని ఒప్పుకుంటే పని పెరుగుతుంది. విముక్తి ధ్రువపత్రం ఇవ్వాలి. 2016 కేంద్ర పథకం ప్రకారం పురుషుడికి లక్ష, స్త్రీకీ పిల్లలకూ రెండు లక్షలు, అక్రమ రవాణా లాంటి మరీ ఘోరమైన స్థితిలో దొరికినవాళ్లకు మూడు లక్షలు. తక్షణ సాయం మొదట ఇరవై వేలు, తర్వాత ముప్పై వేలయింది. మిగతా సొమ్మును నిందితుడికి శిక్ష పడటంతో ముడిపెట్టారు. తర్వాత ఆ ముడిని కాస్త వదులు చేశారు. ధ్రువపత్రం లేకుండా రాత్రికి రాత్రి రైలెక్కించేస్తే ఈ తలనొప్పులేవీ ఉండవు. యజమానికి భయమా అంటే, చట్టంలో మూడేళ్ల దాకా జైలూ, రెండు వేల దాకా జరిమానా. 1976లో రెండు వేలంటే కాస్త బరువుండేది. ఇప్పుడది బట్టీ యజమాని సెల్‌ఫోను రీచార్జీల ఖర్చు.

2030 నాటికి 1.84 కోట్ల మంది వెట్టి కూలీలకు విముక్తి కలిగిస్తామని కేంద్రం 2016లో పార్లమెంటుకు చెప్పింది. 1978 నుంచి 2023 దాకా విముక్తి పొందినవాళ్లు మూడు లక్షల పైచిలుకు, అంటే ఏడాదికి ఏడు వేల మంది. ఈ నడకన లక్ష్యం చేరడానికి రెండు వేల ఆరు వందల ఏళ్లు చాలు. కానీ జిల్లాలన్నీ ‘నిల్’ పంపిస్తున్నప్పుడు ఆ 1.84 కోట్ల మందీ ఏ జిల్లాలో ఉన్నట్టు? బహుశా సరిహద్దు గీతల మీద నిలబడి ఉంటారు.

2024 మేలో విశాఖ పోలీసులు కంబోడియా ముఠా గుట్టు బయటపెట్టినప్పుడు ఎవరికీ నిర్వచనాలు అడ్డురాలేదు. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంటు నమ్మించాడు, పాస్‌పోర్టులు లాక్కున్నారు, సైబర్ మోసాలు చేయించారు, వదిలి వెళ్లాలంటే డబ్బు కట్టమన్నారు. టీవీలూ అధికారులూ దాన్ని ముక్తకంఠంతో బానిసత్వం అన్నారు, సరిగ్గానే అన్నారు. 2025 మార్చిలో మయన్మార్ ముఠాల చెర వీడినవాళ్లను వైమానిక దళ విమానాలు తీసుకొచ్చాయి, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వెళ్లేటప్పుడు వాళ్లూ ఇష్టపడే విమానం ఎక్కినవాళ్లే. ఏజెంటు ఉన్నాడు, మానేస్తే బాకీ కట్టాలి. ఇదే సరంజామా మన మండలంలో, ఒడియా మాట్లాడేవాడికి ఎదురైతే మాత్రం దాని పేరు ‘ఉపాధి’.

చట్టం అమలు చూసేందుకు ప్రతి జిల్లాలో, ప్రతి డివిజన్‌లో విజిలెన్స్ కమిటీ ఉండాలని 1976 చట్టంలోని 13వ సెక్షను చెబుతోంది. జిల్లా కమిటీకి కలెక్టరో, ఆయన నామినేట్ చేసినవారో అధ్యక్షులు. సభ్యుల్లో ఎస్సీ, ఎస్టీలు ముగ్గురు, సామాజిక కార్యకర్తలు ఇద్దరు ఉండాలి. సమస్యాత్మక జిల్లాలో మూడేళ్లకోసారి సర్వేకు కేంద్రం నాలుగున్నర లక్షలిస్తానని 2016 పథకంలో రాసింది. సమాచార హక్కు దరఖాస్తుకు జిల్లా కార్యాలయంలో ఫీజు పది రూపాయలు. ఆ ముగ్గురూ, ఆ ఇద్దరూ ఎవరు? ఆఖరి మీటింగు ఎప్పుడు? ఆ మినిట్స్ నకలేది? సర్వే చేస్తే దాని రిపోర్టేది? జవాబుకు ముప్పై రోజుల గడువుంది. దీనికీ ‘నిల్’ అనే వస్తే, కనీసం దాని కింద ఒక అధికారి సంతకం ఉంటుంది. అప్పీలుకు అది చాలు.