వికీ మాస్టారు

వికీ మాస్టారు గోదావరి డెల్టాలో ఈమధ్య తరచుగా తారసపడుతున్న రకం మనిషి. వృత్తిరీత్యా మాస్టారే కానక్కర్లేదు. రిటైరైన పోస్టుమాస్టరు కావచ్చు, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తూ సంక్రాంతికి అమలాపురంలో బస్సు దిగే కుర్రాడైనా కావచ్చు. గుర్తుపట్టే లక్షణం ఒక్కటే. తెలుగు వికీపీడియాలో తన ఊరి పేజీ తెరిచి, అందులో పట్టుమని పది వాక్యాలు లేకపోవడం చూసి, ఆ రాత్రి నిద్ర పోడు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైంది. తెలుగు రాష్ట్రాల్లోని వేలాది గ్రామాలకు అందులో పేజీలున్నాయి. వాటిలో చాలావాటి సరుకు 2011 జనగణన లెక్కలే: ఇళ్లెన్ని, జనమెంత, సాగుభూమి ఎంత. పేజీ పైన 'సవరించు' అని ఉంటుంది. ఎవరైనా నొక్కవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. డెల్టా మనిషికి ఇంతకంటే బొట్టు పెట్టి పిలవాలా?

మొదటి దశ వర్ణన. పచ్చని కొబ్బరితోటలు, గలగల పారే పంటకాలువ, మర్యాదకు పెట్టింది పేరైన జనం, వెరసి భూతలస్వర్గం. మాస్టారు తృప్తిగా కాఫీ తాగి వచ్చేసరికి స్వర్గం మాయమై జనగణన మిగులుతుంది. పేజీ చరిత్రలో ఎవరో 'మూలాలు లేవు, తటస్థంగా లేదు' అని రాసి, మార్పును రద్దు చేసి ఉంటారు. మాస్టారు స్వర్గాన్ని మళ్లీ నిలబెడతాడు, అది మళ్లీ కూలుతుంది. ఇంగ్లీషు వికీపీడియాలోనైతే ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి ఇతరుల మార్పులను తిప్పికొట్టకూడదని నియమమే ఉంది. ఇక్కడ మాస్టారి చర్చాపేజీలో, దిద్దుబాటు యుద్ధానికి దిగవద్దని మర్యాదగా ఒక సందేశం పడుతుంది. "యుద్ధం ఏటండీ బాబూ, ఊరి గురించి నాలుగు మంచిముక్కలు రాస్తేనూ!" అన్నది ఈ దశలో వినిపించే మాట.

రెండో దశ ఏకవచనం. తెలుగు వికీపీడియాలో ఎంతటివారికైనా 'గారు' తగిలించరు. క్రియ కూడా ఏకవచనమే. కందుకూరి వీరేశలింగం 1848లో రాజమండ్రిలో పుట్టాడు, 1919లో మరణించాడు, అంతే. మాస్టారికి ఇది గుండెలో గునపం. "పంతులుగారిని పట్టుకుని 'పుట్టాడు' అంటారా? మా వైపు ఉయ్యాల్లో చంటిపిల్లాణ్నయినా 'పడుకున్నారండి' అంటామండి!" కాటన్ విషయంలో బాధ ఇంకా ఎక్కువ. డెల్టా ఊళ్లలో విగ్రహాలు పెట్టి దండలు వేసే దొర ఆయన. మాస్టారు రాసిన 'అపర భగీరథులు, ప్రాతఃస్మరణీయులు, శ్రీ కాటన్ దొరగారు' కాస్తా మర్నాటికి 'బ్రిటిషు సైనిక ఇంజనీరు ఆర్థర్ కాటన్ (1803–1899)' అవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట ఆయన ఆధ్వర్యంలో 1847–52 మధ్య కట్టారన్న వాక్యం మాత్రం చెక్కుచెదరదు. ఎందుకు చెదరలేదో మాస్టారికి వెంటనే బోధపడదు. (వికీ మాస్టారిని ఈ వ్యాసంలో 'పోడు', 'పెడతాడు' అనడం కూడా ఆ నియమం ప్రకారమే.)

మూడో దశ మూలాలు. వాక్యం పక్కన 'ఆధారం చూపాలి' అని పడిన ప్రతిసారీ మాస్టారు తాతగారిని చూపిస్తాడు. తాతగారు చెప్పింది నిజమే కావచ్చు, కానీ అచ్చయిన చోటు కావాలి. ఊరందరికీ తెలుసన్నా చెల్లదు, తాను స్వయంగా తవ్వి తీసిన చరిత్ర అసలే చెల్లదు. గుడి కుంభాభిషేకం సావనీరు దొరికిందని అందులోంచి రెండు పేజీలు యథాతథంగా దించితే, కాపీహక్కుల కింద అదీ పోతుంది. సొంత మాటల్లో రాసి, సావనీరును మూలంగా చూపాలని అప్పుడు తెలుస్తుంది. ఆఖరికి పత్రిక జిల్లా పేజీలో ఊరి మీద వ్యాసం పడుతుంది. మాస్టారు విజయగర్వంతో దాన్ని అతికిస్తాడు. ఆరా తీస్తే విలేకరి ఆ సంగతులన్నీ ఏరుకున్నది వికీపీడియా నుంచే, అదీ మాస్టారి రాత బతికి ఉన్న ఆ కాఫీ వ్యవధిలోనే.

మలుపు తిరిగేది ఒక చప్పిడి వాక్యంతో. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఊరి పేజీలో ఒక మూల ఇంకా తూర్పు గోదావరి అనే ఉంటే, మాస్టారు కోనసీమ అని మార్చి ప్రభుత్వ ఉత్తర్వును మూలంగా ఇస్తాడు. రోజులు గడిచినా ఎవరూ చెరపరు. ఒకరు ధన్యవాదాలు కూడా నొక్కుతారు. దాంతో కిటుకు తెలుస్తుంది. ఆత్రేయపురం పూతరేకులు లోకంలోకెల్లా రుచి అంటే నిలవదు, వాటికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే నిలుస్తుంది. గొప్ప చెప్పుకోవడానికి అడ్డు లేదు, రుజువు పక్కన ఉండాలంతే.

నాలుగో దశ సభ్యత్వం పండటం. వికీ సభ్యులు చర్చించుకునే రచ్చబండ పేజీలో, చర్చల కింద 'ఇట్లు తమ విధేయుడు' అని రాసే మనిషి నాలుగు టిల్డాలతో (~~~~) సంతకం చేయడం నేర్చుకుంటాడు. కొత్త సంగతులు ముందు ప్రయోగశాలలో రాసి చూసుకుంటాడు. తన మీద ఒక పేజీ రాసిపెట్టమని సర్పంచిగారు కబురు పెడితే, ప్రాముఖ్యత నియమం అడ్డొస్తుందని చెప్పి, ఊళ్లో ఒక శత్రువును సంపాదించుకుంటాడు.

చివరి దశలో నియమాలు కంప్యూటరు దాటి వీధిలోకి వస్తాయి. కాఫీ హోటల్లో ఎవరైనా 1974 నాటి రాజమండ్రి రోడ్డు కం రైలు వంతెన ఆసియాలోకెల్లా ఇంతటిది, అంతటిది అని మొదలుపెడితే, "మూలం ఏదండీ?" అని అడ్డు తగులుతాడు. పెళ్లిచూపుల్లో మధ్యవర్తి "కుర్రాడు బంగారం, పదెకరాల కొబ్బరి" అనగానే, మొదటిది తటస్థంగా లేదనీ, రెండోదానికి అడంగల్ చూపాలనీ అంటాడు. ఆపైన బంధువులు ఇతన్ని పెళ్లిచూపులకు పిలవడం మానేస్తారు.

ఇతను మూటగట్టుకున్న కోపాలన్నిటికీ ఫలితంగా ఊరి పేజీలో ఓ పాతిక వాక్యాలు మిగులుతాయి. విశేషణం ఒక్కటీ ఉండదు, ప్రతి వాక్యానికీ మూలం ఉంటుంది. ఊరి గురించి అంత పొదుపుగా రాసినవాడు డెల్టాలో మరొకడు దొరకడు. ఆ పేజీలో కొత్తగా భూతలస్వర్గం రాయబోయేవారికి ఒక్క మాట: ఇప్పుడు దాన్ని రద్దు చేసేది ఈ మాస్టారే.