నెత్తుటిగడ్డకు బహిరంగ లేఖ

ఓ నెత్తుటిగడ్డా,

పొందూరు నుంచి రాస్తున్నాను. ఇల్లు నీకు తెలిసిందే. కిందటేడు మా మేనకోడలి తలలో దిగావు.

కాన్పయి తొమ్మిదో నాడు. తలకి గుడ్డ, మంచం కింద కుంపటి, చెవుల్లో దూది. ఆ దూది మా అమ్మ వాలుగ చేప దవడతో ఏకినదే. "అత్తా, బుర్ర పగిలిపోతంది. తొంగుంటే ఇంకా ఎక్కువవతంది" అంది. బాలింతకి మామూలేనన్నాం. పదకొండో నాడు వాంతులు. మర్నాడు నిద్ర, బిడ్డ గుక్కపట్టి ఏడ్చినా లేవని నిద్ర. "పాపం, ఇన్నాళ్ళకి కన్నంటుకుంది" అని మేమే తలుపు చేరవేశాం. నీకింత మర్యాద ఎవరు చేస్తారు?

పక్షవాతమంటే ముసలాళ్ళకని, మూతి వంకరపోతుందని మా లెక్క. నీ దారే వేరు. నెత్తురు తెచ్చే ధమని జోలికి పోవు. వెనక్కి పోయే సిరలో, అదీ మెదడు నడిమి లోతున అడ్డం పడతావు. కాలవ పూడితే పెరడంతా ఊబయినట్టు మెదడు నీరుపట్టి ఉబ్బుతుంది. అక్కడున్న థాలమస్ మెలకువని కాపాడే చోటు. అది రెండు పక్కలా ఉబ్బితే మనిషి మగతలోకి జారుతుంది. మేం నిద్రనుకున్నది అదీ.

మొదటి ఆస్పత్రిలో మామూలు సీటీ తీసి ఏమీ లేదన్నారు. విశాఖలో సిరలు చూపించే ఎమ్మారై తీస్తే దొరికావు. నెత్తురు గడ్డకట్టనివ్వని హెపారిన్ ఇవ్వాలన్నారు. లోపల కాస్త నెత్తురు చిమ్మి ఉన్నా మందు అదేనని డాక్టరమ్మ చెబితే, సంతకం పెట్టడానికి మా అన్నయ్యకి చెయ్యి ఆడలేదు. పెట్టాడు. పిల్ల దక్కింది. ఆపైన నెలల తరబడి మాత్రలు.

హైదరాబాద్ నిమ్స్ వైద్యులు నీ వాతపడ్డ 428 మంది లెక్క 2012లో అచ్చువేశారు. సగటు వయసు 31 చిల్లర, సగానికి పైగా మగవాళ్ళు. బాలింతలతోనే సరిపెట్టుకుంటావనుకున్నాను, నీ ఆకలి పెద్దదే.

అయినా అంతా నీ మీదే తోసేస్తే అన్యాయం. కాన్పప్పుడు ఎక్కువ పోకుండా నెత్తురు తనంతట తనే గడ్డకట్టే గుణం పెంచుకుంటుంది. ఆ మీద మేం, పొట్ట జారిపోతుందని, రోజుకి రెండు గ్లాసుల నీళ్ళు కొలిచి పోశాం. రక్తం తక్కువని కార్డు మీద రాసే ఉంది. ఎవరు చదివారు?

ఈ నెల మా వీధిలో ఇంకో పిల్ల బాలింత. చెవుల్లో దూది నేనే పెట్టాను, మా పత్తే. మంచం పక్కన నిండు బిందె కూడా పెట్టాను. వాళ్ళ నాయనమ్మ నా వంక గుర్రుగా చూస్తోంది. చూడనీ.